వాపా, బలుపా?

“ఒరేయ్, అది వాపు రా. బలుపు కాదు.”

బాక్సర్ మైక్ టైసన్ పేరెత్తితే చాలు, మావయ్య నోట ఈ మాటే వచ్చేది. అప్పుడు నాకు 12 ఏళ్లు. మావయ్య మా అమ్మకు తమ్ముడు. ఆర్మీలో ఉండేవాడు, కుర్రతనంలో తన యూనిట్ తరఫున బాక్సింగ్ చేసినవాడు. ముక్కు దూలం కాస్త ఎడమకు వంగి ఉండేది. కుడి కనుబొమ ఒకసారి చీలి కుట్లు పడిన చోట మళ్లీ వెంట్రుకలు మొలవలేదు. ఆ గీత మీద వేలు పెట్టి చూడనిచ్చేవాడు నన్ను. సెలవు మీద వచ్చాడంటే ఆ నెల రోజులూ నాది ఒకటే పని. బడి నుంచి రావడం, పుస్తకాల సంచి ఓ మూల పడేయడం, మావయ్య పక్కన చేరి టైసన్ గురించి పోట్లాడటం.

1988 జూన్ 27న అట్లాంటిక్ సిటీలో టైసన్, మైకేల్ స్పింక్స్ తలపడ్డారు. ఆ వీడియో కాసెట్ మా చేతికి వచ్చేసరికి ఆ ఏడాది చివరికొచ్చింది. టైసన్ రింగులోకి వచ్చే తీరే వేరు. మిగతావాళ్లు మెరిసే గౌన్లు కప్పుకుని వస్తుంటే అతనికి అవేవీ ఉండేవి కావు. నల్ల నిక్కరు, మేజోళ్లు లేని నల్ల బూట్లు. ఒక్కోసారి తెల్ల తువ్వాలుకు మధ్యలో చిల్లు చేసి మెడలో తగిలించుకునేవాడు, అంతే. ఎదురుగా స్పింక్స్. అప్పటికి 31 పోరాటాలు చేసి ఒక్కటీ ఓడని మనిషి. గంట మోగింది. ఒంటి మీద పడిన దెబ్బకు స్పింక్స్ మోకాలి మీద కూలాడు. లేచాడు. మళ్లీ పడ్డాడు, ఈసారి లేవలేదు. మొత్తం 91 సెకన్లు. స్పింక్స్ ఆ తర్వాత ఇంకెప్పుడూ పోటీకి దిగలేదు.

ఆ 91 సెకన్లని నేను ఎన్నిసార్లు వెనక్కి తిప్పి చూశానో లెక్క లేదు. ఆ చోట టేపు అరిగి తెర మీద గీతలు పడటం మొదలైంది.

మావయ్య మాత్రం ఒక్కసారి చూసి పెదవి విరిచాడు. “వాడి మొహం చూడు. రింగులోకి వచ్చేటప్పుడే ఓడిపోయాడు. అసలు వాడు లైట్ హెవీవెయిట్. బరువు పెంచుకుని పైకొచ్చినవాడు. భయపడ్డవాణ్ణి కొడితే అది బలం ఎలా అవుతుంది?”

“అన్నేళ్లు చాంపియన్‌గా ఉన్న లారీ హోమ్స్‌ని ఓడించింది ఆ స్పింక్సే కదా మావయ్యా!”

“మరి అదే హోమ్స్‌ని టైసన్ ఎప్పుడు కొట్టాడు? వాడికి 38 ఏళ్లు వచ్చాక. ఏడాదిన్నర పైగా ఇంట్లో కూర్చున్నవాణ్ణి డబ్బాశ చూపించి పిలుచుకొచ్చి కొట్టారు. దాన్ని నువ్వు లెక్కలో రాసుకున్నావా?”

రాసుకున్నాను. నాకొక నోట్‌బుక్ ఉండేది. దొరికిన పత్రికల్లోంచి ఏరి టైసన్ పోరాటాలన్నీ అందులో రాసుకునేవాణ్ణి. ఎదుటివాడి పేరు, తేదీ, ఏ రౌండ్. 1985 మార్చి 6న ఆల్బనీలో మొదటిది. 1986 నవంబర్ 22న లాస్ వేగస్‌లో ట్రెవర్ బెర్బిక్‌ని రెండో రౌండ్‌లో పడగొట్టి ప్రపంచ చాంపియన్ అయినది 28వది. అంటే 20 నెలల్లో 28 పోరాటాలు, 28 గెలుపులు. 20 ఏళ్ల 4 నెలల వయసుకే హెవీవెయిట్ పట్టం. అంత చిన్న వయసులో ఆ పట్టం అంతకు ముందు ఎవరికీ రాలేదు, ఇప్పటికీ రాలేదు. బెర్బిక్ ఆ రాత్రి ఒక్క దెబ్బకు మూడుసార్లు పడ్డాడు. లేవబోయి పడి, మళ్లీ లేచి, తూలుకుంటూ వెళ్లి తాళ్ల పక్కన కూలిపోయాడు. నోట్‌బుక్‌లో ఆ పేరు కింద ఎర్ర సిరాతో గీత గీశాను.

నా వాదనంతా సెకన్లే. మార్విస్ ఫ్రేజియర్, 30 సెకన్లు. స్పింక్స్, 91. మావయ్య ఆ నోట్‌బుక్ తీసుకుని పేజీలు తిప్పి, నా చేతికిచ్చి అడిగాడు.

“ఇందులో దెబ్బలు తిని, వెనకబడి, చివరికి గెలిచింది ఒక్కటుంటే చూపించు.”

ఆ రాత్రి పడుకోకుండా వెతికాను. జేమ్స్ టిల్లిస్‌తో 10 రౌండ్లు పట్టింది గానీ వెనకబడలేదు. మిచ్ గ్రీన్‌తోనూ అంతే. బోన్‌క్రషర్ స్మిత్ 12 రౌండ్లూ అతన్ని కౌగిలించుకుని వదల్లేదు. టోనీ టక్కర్ మొదటి రౌండ్‌లోనే కిందనుంచి గడ్డం మీదికి లేపే ఒక అప్పర్‌కట్‌తో వెనక్కి తూలించాడు కానీ తర్వాత పోరంతా టైసన్‌దే. మావయ్య అడిగింది నోట్‌బుక్‌లో లేదు. పొద్దున్నే ఆ మాట చెప్పడానికి నాకు మనసొప్పలేదు. కష్టం రాకపోవడం కూడా గొప్పే కదా అన్నాను. మావయ్య నవ్వలేదు. “కష్టం వచ్చినప్పుడే తెలుస్తుంది రా. అలీని చూడు. ఓడాకే అలీ అయ్యాడు” అన్నాడు.

మావయ్యకు ముహమ్మద్ అలీ అంటే ప్రాణం. యుద్ధానికి వెళ్లనన్నందుకు 1967లో అలీ పట్టం లాక్కున్నారు, మూడున్నరేళ్లు రింగుకు దూరం చేశారు. సైనికుడైన మావయ్య ఆ సంగతి ఎంతో గౌరవంగా చెప్పేవాడు. అది నాకు అప్పుడు వింతగా ఉండేది, ఇప్పుడు లేదు. తిరిగొచ్చిన అలీ 1971లో జో ఫ్రేజియర్ చేతిలో ఓడాడు. 1974లో 32 ఏళ్ల వయసులో, అప్పటిదాకా 40 పోరాటాల్లో ఓటమి లేని చాంపియన్ జార్జ్ ఫోర్‌మన్ ముందు నిలబడ్డాడు. తాళ్లకు ఆనుకుని దెబ్బలన్నీ ఓర్చుకుని ఎనిమిదో రౌండ్‌లో పడగొట్టాడు. “అదీ బలుపంటే” అనేవాడు మావయ్య.

ఇంతవరకే అయితే ఇది ఒక పిల్లాడికీ పెద్దాయనకీ మధ్య జరిగే మామూలు గొడవే. ఆ సెలవుల్లో ఒక మధ్యాహ్నం మావయ్య చేసిన పని వల్లే ఇదంతా ఇన్నేళ్లూ నాలో నిలిచింది.

పెరట్లో ఒక చిన్న గుడ్డసంచిలో ఇసుక పోసి మూతి బిగించి, తాడు కట్టి నా తల ఎత్తులో వేలాడదీశాడు. ఎదురుగా నన్ను నిలబెట్టి సంచిని ఊపాడు. అది నేరుగా వచ్చి నా నుదుటికి కొట్టుకుంది. “తప్పుకో. కాళ్లు కదపకుండా, వెనక్కి పోకుండా.” మళ్లీ ఊపాడు. మళ్లీ తగిలింది. వెనక్కి జరిగితే వీపు మీద చేయి పెట్టి ముందుకు తోసేవాడు. పక్కకి ఒరిగితే సంచి చెవి పక్కనుంచి పోయేది గానీ, తిరిగొచ్చేటప్పుడు తల వెనక తగిలేది. సాయంత్రానికి నా నుదురు ఎర్రగా కందిపోయింది. అమ్మ తమ్ముణ్ణి కేకలేసింది.

“ఇది మీ టైసన్ చదివిన చదువు” అన్నాడు మావయ్య. “వాళ్ల గురువు డమాటో చేయించేవాడు ఇది. నువ్వెప్పుడూ పడిపోయినవాణ్ణే చూస్తావు. ఈసారి పడగొట్టినవాణ్ణి చూడు. చేతులు కాదు, తల చూడు.”

ఆ రాత్రి టైరెల్ బిగ్స్‌తో 1987 అక్టోబర్‌లో జరిగిన పోరు పెట్టాడు. బిగ్స్ ఆరడుగుల ఐదంగుళాల మనిషి, 1984 ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచినవాడు. అతని జాబ్, అంటే ముందున్న చేత్తో సూటిగా విసిరే దెబ్బ, కొరడాలా వచ్చేది. టైసన్ ఎత్తు 5 అడుగుల 10 అంగుళాలు, చేతుల నిడివి 71 అంగుళాలు. హెవీవెయిట్లలో అది పొట్టి చేతుల లెక్క. దూరంగా నిలబడితే అతనికి దెబ్బలు తినడమే తప్ప కొట్టే వీలు లేదు. దగ్గరికి పోవాలి. పోవాలంటే ఆ జాబ్ కిందనుంచే పోవాలి.

అప్పుడు చూశాను. రెండు గ్లోవ్స్ బుగ్గలకు ఆనించి, మోచేతులు పక్కటెముకలకు అదిమి, తల ఒక పక్కనుంచి ఇంకో పక్కకి గడియారం లోలకంలా ఊపుతూ నడిచి వస్తున్నాడు. జాబ్ వచ్చినప్పుడల్లా తల అక్కడ లేదు. తప్పుకున్న పక్కనుంచే మళ్లీ దెబ్బ వస్తోంది. ఎడమకు ఒరిగాడంటే, చెయ్యి వంచి పక్కనుంచి వేసే ఎడమ హుక్ అప్పటికే బయల్దేరినట్టే. తప్పుకోవడం వేరు, కొట్టడం వేరు కాదక్కడ. రెండూ ఒకటే కదలిక. కుడి చేత్తో పక్కటెముకల మీద ఒక హుక్, ఎదుటివాడు మోచెయ్యి కిందికి దించగానే అదే చేత్తో గడ్డం కిందికి అప్పర్‌కట్. నేను వందసార్లు చూసిన దెబ్బే అది. తల ఎక్కడుందో చూడకపోవడం వల్ల అది ఎక్కణ్నుంచి పుట్టిందో నాకు అంతవరకూ తెలియలేదు.

మావయ్య టేపు ఆపి నావైపు తిరిగాడు. “నాకు 3 ఏళ్లు నేర్పారు ఇది. నాకు రాలేదు” అన్నాడు. గొంతులో ఏమీ దాచుకోలేదు.

టైసన్‌ని వాపు అని తీసిపారేసిన మావయ్యకు అతని పనితనం ముక్కముక్కా తెలుసు. దేవుడిలా చూసిన నాకు తెలిసింది సెకన్లు మాత్రమే. ఆ రాత్రి నాకు ఇంత స్పష్టంగా అర్థమైందని చెప్పను గానీ, గొప్పవాణ్ణే మెచ్చుకుంటున్నాను, మెచ్చుకోవలసిన చోట కాదేమో అనే అనుమానం మాత్రం అప్పుడే మొలిచింది.

కస్ డమాటో గురించి కూడా మావయ్యే చెప్పాడు. న్యూయార్క్ రాష్ట్రంలోని క్యాట్స్‌కిల్ అనే చిన్న ఊళ్లో ముసలాయన. అంతకు ముందు ఫ్లాయిడ్ ప్యాటర్సన్‌ని తయారుచేశాడు. 1956లో 21 ఏళ్లకే హెవీవెయిట్ చాంపియన్ అయినవాడు ప్యాటర్సన్. ఆ రికార్డును బద్దలు కొట్టింది కూడా డమాటో శిష్యుడే. బ్రూక్లిన్‌లో బ్రౌన్స్‌విల్ వీధుల్లో దొంగతనాలు చేసి బాలనేరస్థుల బడికి చేరిన 13 ఏళ్ల పిల్లాణ్ణి తెచ్చుకుని, తల్లి పోయాక తనే సంరక్షకుడిగా నిలిచాడు. భయం నిప్పులాంటిదనేవాడట, చేతిలో ఉంటే వంట చేస్తుంది, చెయ్యి దాటితే ఇల్లు కాలుస్తుంది. 1985 నవంబర్‌లో ఆయన పోయాడు. శిష్యుడు చాంపియన్ కావడం చూడటానికి ఇంకో ఏడాది బతకలేదు. ఈ సంగతి తలచుకున్నప్పుడల్లా నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

1990 ఫిబ్రవరి 11. టోక్యో డోమ్. పత్రికలో వార్త చూసి నేను నమ్మలేదు. బస్టర్ డగ్లస్ అనే, నా నోట్‌బుక్‌లో పేరు కూడా లేని మనిషి టైసన్‌ని పదో రౌండ్‌లో పడగొట్టాడు. పందెంలో డగ్లస్ మీద ఒకటికి 42 ఇస్తామన్నారు, టైసన్ మీద అంత నమ్మకం జనానికి. రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. కాసెట్ ఎప్పుడు దొరుకుతుందా అని కాదు, దొరక్కుండా ఉంటే బాగుండునని అనుకున్నాను.

వేసవి సెలవులకు వచ్చేటప్పుడు ఆ కాసెట్ మావయ్యే తెచ్చాడు. ‘నేను చెప్పలేదా’ అంటాడని కాచుకుని ఉన్నాను. ఆ మాట అనలేదు. టీవీ ముందు కింద కూర్చుని రౌండ్ రౌండ్‌కీ ఆపుతూ చూపించాడు. “తల చూడు” అన్నాడు మళ్లీ. తల కదలడం లేదు. ఊడ్చిన నేల మీద నిలబెట్టిన స్తంభంలా నిటారుగా ఉంది. జాబ్ వేయడం లేదు. వరసగా నాలుగైదు దెబ్బలు వేసే మనిషి ఒక్కో దెబ్బ కోసం కాచుకుని ఉన్నాడు. స్పింక్స్ పోరు తర్వాత కొన్ని నెలలకే టైసన్ తన శిక్షకుడు కెవిన్ రూనీని పంపించేశాడు. రూనీ కూడా డమాటో ఇంటి మనిషే. రింగు మూలన నిలబడిన అతని కొత్త సహాయకులకి ఏం చేయాలో తోచడం లేదు. ఎడమ కన్ను వాచి మూసుకుపోతుంటే, వాపు అణిచే చల్లని ఇనుప దిమ్మ కూడా వాళ్ల దగ్గర లేదు. ఒక రబ్బరు తొడుగులో ఐస్ నీళ్లు నింపి కంటికి అద్దుతున్నారు. ప్రపంచ హెవీవెయిట్ చాంపియన్ మూలలో!

ఇటు డగ్లస్. ఆ పోరుకు మూడు వారాల ముందే అతని తల్లి చనిపోయింది. ఆ మనిషి ఆ రాత్రి ఆడినంత బాగా అంతకు ముందు ఆడలేదు, ఆ తర్వాతా ఆడలేదు. పొడుగు చేత్తో జాబ్, దాని వెనకే కుడి చెయ్యి. దగ్గరికొస్తే పట్టేసుకోవడం. ఎనిమిదో రౌండ్ చివర టైసన్ వేసిన అప్పర్‌కట్‌కి పడి కూడా లేచాడు. రెఫరీ నెమ్మదిగా లెక్కపెట్టాడని తర్వాత పెద్ద రగడే జరిగింది గానీ, డగ్లస్ లేచిన తీరు చూస్తే ఇంకొక్క క్షణం ముందు కూడా లేవగలిగేవాడనే నాకనిపిస్తుంది.

పదో రౌండ్. అప్పర్‌కట్ తల వెనక్కి విరిచింది, ఆ వెనకే నాలుగు దెబ్బలు. టైసన్ జీవితంలో మొదటిసారి నేల మీద పడ్డాడు. నేను కళ్లు తిప్పుకున్నాను. మావయ్య నా గడ్డం పట్టుకుని టీవీ వైపు తిప్పాడు. “చూడు. ఇది చూడకపోతే ఇన్నాళ్లు నువ్వు చూసినదానికి అర్థం లేదు.”

మోకాళ్ల మీద పాకుతున్నాడు టైసన్. నోట్లోంచి ఊడిన మౌత్‌పీస్ కోసం గ్లోవ్‌తో నేల తడుముతున్నాడు. దొరికింది. నోట్లో పెట్టుకోబోయాడు, సరిగ్గా పట్టలేదు, ఒక కొస బయటికి వేలాడుతోంది. అలాగే లేచి నిలబడబోయాడు. రెఫరీ లెక్క ముగించి అతన్ని రెండు చేతులా పట్టుకున్నాడు.

మావయ్య టేపు ఆపేశాడు. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, “ఎక్కడున్నాడో తెలీదు వాడికి. ఏ ఊళ్లో ఉన్నాడో తెలీదు. అయినా మౌత్‌పీస్ కోసం వెతుకుతున్నాడు. అంటే మళ్లీ కొట్లాడదామనే కదా? వీడికి గుండె లేదన్నాను నేను.”

అక్కణ్నుంచి మా ఇద్దరి పక్షాలూ మెల్లగా తారుమారయ్యాయి. ఓడిపోయిన దేవుణ్ణి నేను క్షమించలేకపోయాను. నువ్వన్నదే నిజం మావయ్యా, వాపే అనడం మొదలుపెట్టాను. అంత తేలిగ్గా ఒప్పుకుంటున్నందుకు మావయ్యకు చిరాకు.

1992 ఫిబ్రవరిలో ఇండియానాపోలిస్ కోర్టులో జ్యూరీ టైసన్‌ని అత్యాచారం కేసులో దోషిగా తేల్చింది. ఆరేళ్ల శిక్ష పడింది, మూడేళ్ల లోపు జైల్లో గడిపాడు. తను ఆ నేరం చేయలేదనే అతను ఇప్పటికీ అంటాడు. నాకప్పుడు 16 ఏళ్లు. గోడ మీద బొమ్మ చింపేశాను, నోట్‌బుక్ అటక మీద పడేశాను. ఈ భాగాన్ని నేను ఎప్పుడూ దాటవేయను. ఒక అమ్మాయి బతుకులో జరిగినదాని ముందు ఎవరు ఎవరిని ఏ రౌండ్‌లో కొట్టారన్న లెక్క చాలా చిన్నది. టైసన్ గొప్ప బాక్సరా కాదా అని ఈ రోజు మాట్లాడుకుంటున్నా, గొప్ప మనిషా అని మాత్రం నన్ను ఎవరూ అడగొద్దు.

ఆ వేసవి దాటాక మావయ్య దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. ఇంట్లోవాళ్ల క్షేమం అడిగిన నాలుగు వాక్యాల తర్వాత ఇలా ఉంది, ఉత్తరం ఇంకా నా దగ్గరుంది:

“హోమ్స్ విషయంలో నేను పొరపాటు పడ్డాను. ముసలివాణ్ణి కొట్టాడని నీతో అన్నాను. ఆ ముసలివాడే మొన్న జూన్‌లో చాంపియన్ హోలీఫీల్డ్ ఎదురుగా 12 రౌండ్లు నిలబడ్డాడు, 42 ఏళ్ల వయసులో. మరి నాలుగేళ్ల కిందట నాలుగో రౌండ్‌లో వాణ్ణి పడేసినవాడి చేతిలో ఏదో ఉండి ఉండాలి. తప్పు చేసినవాణ్ణి మెచ్చుకోమని రాయడం లేదు. నా లెక్క తప్పింది కాబట్టి రాస్తున్నాను.”

హోమ్స్ 2002 దాకా రింగులో ఉన్నాడు. మొత్తం 75 పోరాటాలు. అతన్ని నాకౌట్ చేసినవాడు చివరికి ఒక్క టైసనే. మావయ్య ఆ మాట రాసేనాటికి అది ఇంకా ముగియలేదు, అయినా కన్ను సరిగ్గానే పట్టింది.

జైలు నుంచి వచ్చాక జరిగినవాటి గురించి ఎక్కువ చెప్పుకోవడానికి లేదు. భయపడి వచ్చినవాళ్లు త్వరగా పడ్డారు, రెండు పట్టాలు తిరిగి దక్కాయి. 1996 నవంబర్‌లో హోలీఫీల్డ్ భయపడకుండా వచ్చాడు. అప్పటికి నేను కాలేజీలో ఉన్నాను, వాదనలో బాగా ఆరితేరాను. “చూశావా, దీటైనవాడు ఎదురైతే ఇంతే” అన్నాను. 11వ రౌండ్‌లో పోరు ఆపేశారు. మావయ్య అప్పుడు చెప్పినదే నా బుర్రలో అన్నిటికన్నా లోతుగా దిగింది.

“మీ టైసన్‌కి ముందుకు రావడమే తెలుసు రా. పొట్టి చేతులవాడికి అదొక్కటే దారి. వచ్చినవాణ్ణి ఎవడన్నా పట్టి వెనక్కి నెడితే రెండో దారి లేదు. బోన్‌క్రషర్ గెలవడానికి కాదు, బతికి బయటపడటానికి పట్టుకున్నాడు. డగ్లస్ పట్టుకుని కొట్టాడు. హోలీఫీల్డ్ నెట్టి కొట్టాడు. చిల్లు మొదట్నుంచీ ఉంది. తల కదులుతున్నంతకాలం దానిలో వేలు పెట్టే తీరిక ఎవడికీ దొరకలేదు.”

మరుసటి ఏడు జూన్ 28న మళ్లీ తలపడినప్పుడు టైసన్ హోలీఫీల్డ్ చెవి కొరికాడు. మొదట కుడి చెవి, అది చాలక ఎడమది. పోరు నుంచి వెలివేశారు, లైసెన్స్ లాక్కున్నారు, 30 లక్షల డాలర్ల జరిమానా వేశారు. హోలీఫీల్డ్ తల తగిలి కంటి పైన చీలిందన్న కోపం ఉంది నిజమే. అది కారణం కాదు. ఓడిపోతున్నానని తెలిసి, అక్కణ్నుంచి బయటపడే దారి వెతుక్కున్నాడనే నేను నమ్ముతాను. డగ్లస్ ముందు పాకుతూ మౌత్‌పీస్ వెతికిన మనిషి ఏడేళ్లలో ఇక్కడికి వచ్చాడు. ఆ రోజు మావయ్యకు ఫోన్ చేస్తే ఏమీ మాట్లాడకుండా అమ్మకివ్వమన్నాడు.

2002లో మెంఫిస్‌లో లెనాక్స్ లూయిస్ ఎనిమిదో రౌండ్‌లో పడగొట్టాడు. 2005 జూన్‌లో కెవిన్ మెక్‌బ్రైడ్ అనే సామాన్యుడి ముందు ఆరో రౌండ్ అయ్యాక స్టూలు మీంచి లేవలేదు. మనసు ఇక ఇందులో లేదని తనే చెప్పి వెళ్లిపోయాడు. 50 గెలుపులు, 6 ఓటములు. 2011లో ఇంటర్నేషనల్ బాక్సింగ్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చుకున్నారు.

మరి వాపా, బలుపా? ఇప్పుడు నాకు మావయ్య అప్పటి వయసు దాటింది. ఈ ప్రశ్న అడిగే కుర్రాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు. వాళ్ల ఫోన్లలో టైసన్ నాకౌట్లు వరసగా పేర్చిన వీడియోలుంటాయి. అవి చూసి చరిత్రలో అందరికన్నా గొప్పవాడు ఇతనే అంటే నేనొప్పుకోను. జో లూయిస్ దాదాపు 12 ఏళ్లు పట్టం విడవకుండా 25 సార్లు నిలబెట్టుకున్నాడు. హోమ్స్ 20 సార్లు. టైసన్ మొదటి ఏలుబడి బెర్బిక్ నుంచి డగ్లస్ దాకా, అంతా కలిపి మూడేళ్ల మూడు నెలలు, 9 సార్లు నిలబెట్టుకోవడం. తనకు సమ ఉజ్జీ అనదగ్గ వాళ్లతో, హోలీఫీల్డ్‌తో లెనాక్స్ లూయిస్‌తో, ఒక్కటీ గెలవలేదు. వాళ్లు ఎదురయ్యేసరికి అతని మంచి రోజులు పోయాయన్నది నిజమే. అయితే అప్పటికి హోలీఫీల్డ్ వయసు 34, టైసన్ కంటే పెద్ద. వయసు మీద నెట్టేయడానికి లేదు. మావయ్య 1988లో అడిగిన ప్రశ్నకు ఆ 50 గెలుపుల్లో చెప్పుకోదగ్గ జవాబు ఇప్పటికీ లేదు. 1999లో ఫ్రాన్సువా బోథా మీద పాయింట్లలో వెనకబడి ఐదో రౌండ్‌లో పడగొట్టాడు గానీ, సమ ఉజ్జీ మీద అలా గెలిచింది ఒక్కటీ లేదు. అందుకే మొదటి ఐదుగురిలో అతన్ని నేను పెట్టను.

కానీ ఎక్కువ చేసి చెప్పారన్నది దేని గురించి? అతని పిడికిలి గురించి, అతను పుట్టించిన భయం గురించి. అది వాపే. భయపడనివాడి ముందు అది తీసింది. ఆ తల గురించి మాత్రం ఎవరూ ఎక్కువ చెప్పలేదు. చెప్పవలసినంత కూడా చెప్పలేదు. తనకన్నా ఏడంగుళాలు పొడుగున్న ఒలింపిక్ విజేత జాబ్ కిందనుంచి, ఒక్క అడుగూ వెనక్కి వేయకుండా నడిచి వెళ్లిన 21 ఏళ్ల కుర్రాడి పనితనం ఉందే, అది చూసినవాడెవడూ దాన్ని వాపనలేడు. అది ఉన్నది రెండు మూడేళ్లే. గురువు పోయాడు, గురువు మనుషుల్ని తనే దూరం చేసుకున్నాడు, రోజూ చేస్తేనే నిలిచే విద్య చేయకపోయేసరికి పోయింది. ఎవరు లాక్కున్నారని అడిగితే చాలా పేర్లు చెప్పొచ్చు. మొదట అతని పేరే చెప్పాలి.

2024 నవంబర్‌లో 58 ఏళ్ల టైసన్ మళ్లీ రింగులోకి దిగాడు, యూట్యూబ్ వీడియోలతో పేరు తెచ్చుకుని బాక్సింగ్‌లోకి వచ్చిన 27 ఏళ్ల జేక్ పాల్ మీదికి. నేను మావయ్య దగ్గరే ఉన్నాను ఆ వారం. చూద్దామా అంటే తల అడ్డంగా ఊపాడు. నేనొక్కణ్ణే పక్క గదిలో కూర్చుని చూశాను. రెండేసి నిమిషాల రౌండ్లు ఎనిమిది. రెండు రౌండ్లు కాగానే కాళ్లు ఒప్పుకోలేదు. మాటిమాటికీ గ్లోవ్ కొరుక్కుంటూ నిలబడ్డాడు. ఓడిపోయాడు. బయటికొస్తే మావయ్య ఏమీ అడగలేదు.

సాయంత్రం తనే పిలిచాడు. “బిగ్స్‌తో ఆడింది ఉందా నీ ఫోన్‌లో?”

వెతికి పెట్టాను. మావయ్యకు చూపు బాగా మందగించింది. తెల్లటి వెలుగులో రెండు నల్లటి నీడలు కదులుతున్నట్టు కనపడుతుందంతే, అంటాడు. ఫోన్ మొహానికి దగ్గరగా పెట్టుకుని కాసేపు చూశాడు. తర్వాత నా చేతికిచ్చేశాడు.

“నాకు ఆనడం లేదు. నువ్వు చెప్పు. తల కదులుతోందా?”

“కదులుతోంది మావయ్యా.”

“ఏ పక్కకి?”

“కుడికి. జాబ్ వచ్చింది, తగల్లేదు. ఇప్పుడు కిందికి వంగాడు. ఎడమకి వస్తున్నాడు.”

కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్న మావయ్య తల, మెల్లగా, ఎడమకి ఒరిగింది.